బంకు బోర్డు మీది ధరను విడదీసి చూడటం ఎలా: వ్యాట్ నుంచి ముడిచమురు దాకా

2025లో హైదరాబాద్ బంకుల్లో లీటరు పెట్రోలు రూ.107.46, డీజిల్ రూ.95.70. ఇందులో సరుకు విలువ ఎంత, కేంద్రానికి ఎంత, రాష్ట్రానికి ఎంత, బంకు యజమానికి ఎంత? ఈ నాలుగూ ఫోన్‌లో ఉన్న కాలిక్యులేటర్‌తో తేల్చుకోవచ్చు. చమురు ధరల మీద జరిగే వాదనల్లో సగం ఈ లెక్క చేయకపోవడం వల్లే సాగుతుంటాయి. మిగతా సగం లెక్కను తప్పు వరుసలో చేయడం వల్ల. కాబట్టి ఇక్కడ అంకెల కంటే వరుస ముఖ్యం. ఇక్కడి ధరలు, పన్ను రేట్లు 2025 నాటివి. మీరు చదివేనాటికి అవి మారి ఉంటే కొత్త అంకెలు పెట్టి ఇదే పద్ధతిలో నడవండి.

దగ్గర పెట్టుకోవాల్సిన అంకెలు

మొదటిది మీ ఊరి బంకు ధర. ఆయిల్ కంపెనీల యాప్‌లో ఊరి పేరుతో వెతికితే ఆ రోజు ధర కనిపిస్తుంది. రెండోది మీ రాష్ట్ర వ్యాట్ (అమ్మకం మీద రాష్ట్రం వేసే పన్ను) రేటు. ఇది కేంద్ర పెట్రోలియం శాఖ కింద పనిచేసే పెట్రోలియం ప్లానింగ్ అండ్ అనాలిసిస్ సెల్, అంటే పీపీఏసీ వెబ్‌సైటులో రాష్ట్రాల వారీ పట్టికలో ఉంటుంది. మూడోది కేంద్ర ఎక్సైజ్ సుంకం: 2025 ఏప్రిల్ 8 నుంచి పెట్రోలు మీద లీటరుకు రూ.21.90, డీజిల్ మీద రూ.17.80. నాలుగోది డీలర్ కమిషన్. 2024 అక్టోబరు చివర్లో పెంచాక పెట్రోలుకు సగటున నాలుగు రూపాయల పైచిలుకు, డీజిల్‌కు మూడు రూపాయల చుట్టూ ఉంది. అయిదోది ‘ఇండియన్ బాస్కెట్’ ముడిచమురు ధర, ఆరోది ఆ రోజు డాలరు మారకం రేటు. బాస్కెట్ ధరను కూడా పీపీఏసీయే ప్రకటిస్తుంది.

బాస్కెట్ అంటే మన రిఫైనరీలు వాడే రెండు రకాల చమురుకు ప్రతినిధిగా తీసుకున్న సగటు ధర. గంధకం ఎక్కువున్న రకానికి ఒమన్, దుబాయ్ ధరల సగటు, తక్కువున్న రకానికి బ్రెంట్ (ఉత్తర సముద్రపు చమురు) ధర తీసుకుంటారు. మొదటిదాని వాటా ముప్పావు వంతు పైనే. టీవీలో చెప్పే బ్రెంట్ ధరతోనో, అమెరికా డబ్ల్యూటీఐ ధరతోనో లెక్క మొదలుపెడితే తొలి అడుగే పక్కకు పడుతుంది.

మొదట వ్యాట్‌ను ఒలవాలి

ధర కట్టేటప్పుడు వరుస ఇలా ఉంటుంది: కంపెనీ డీలరుకు వేసే ధర, దాని మీద ఎక్సైజ్, ఆపైన డీలర్ కమిషన్, ఈ మొత్తం మీద వ్యాట్. అంటే ఎక్సైజ్ మీద కూడా వ్యాట్ పడుతుంది. విప్పేటప్పుడు చివర చేర్చినదాన్నే ముందు తీయాలి.

తెలంగాణలో పెట్రోలు మీద వ్యాట్ 35.20 శాతం, డీజిల్ మీద 27 శాతం. చాలామంది ఇక్కడే జారిపడతారు. 107.46లో 35.2 శాతం తీసి రూ.37.83 వ్యాట్ అంటారు. అది తప్పు. 35.2 శాతం పడేది వ్యాట్‌కు ముందున్న ధర మీద, బోర్డు ధర మీద కాదు. చేయాల్సింది భాగహారం:

107.46 ÷ 1.352 = 79.48 (వ్యాట్‌కు ముందు ధర)
107.46 − 79.48 = 27.98 (రాష్ట్ర వ్యాట్)
79.48 − 21.90 = 57.58 (ఎక్సైజ్ కూడా తీసేశాక)
57.58 − 4.40 = 53.18 (డీలర్ కమిషన్ తీసేశాక సుమారుగా, రవాణా ఖర్చుతో కలిపి కంపెనీకి చేరేది)

తప్పు పద్ధతికీ సరైన పద్ధతికీ తేడా లీటరుకు దాదాపు పది రూపాయలు. సోషల్ మీడియాలో తిరిగే ‘పెట్రోలు అసలు ధర’ బొమ్మల్లో అంకెలు ఒకదానితో ఒకటి కలవకపోవడానికి మామూలుగా కారణం ఇదే.

డీజిల్‌కూ ఇదే దారి. 95.70 ÷ 1.27 = 75.35. వ్యాట్ రూ.20.35. ఎక్సైజ్ 17.80 తీసేస్తే 57.55. చూడండి, పన్నులకు ముందు పెట్రోలూ డీజిలూ దాదాపు ఒకే ధర. బంకులో కనిపించే పన్నెండు రూపాయల తేడా దాదాపు పూర్తిగా పన్నుల్లోంచి వచ్చిందే.

ఆంధ్రప్రదేశ్ లెక్కకు ఇంకో మెలిక ఉంది. అక్కడ పెట్రోలు మీద 31 శాతం వ్యాట్, దానికి తోడు లీటరుకు రూ.4 స్థిర వ్యాట్, పైగా రూపాయి రోడ్డు అభివృద్ధి సెస్సు, ఆ సెస్సు మీద మళ్లీ వ్యాట్. డీజిల్‌కు 22.25 శాతం, మిగతావి అవే. విప్పే వరుస: బోర్డు ధరలోంచి ముందు 4 తీసేయాలి, వచ్చినదాన్ని 1.31తో భాగించాలి, అందులోంచి సెస్సు రూపాయి తీసేయాలి. ముందు భాగించి తర్వాత నాలుగు తీస్తే లెక్క చెడుతుంది, ఎందుకంటే ఆ నాలుగు రూపాయల మీద శాతం పడదు.

హైదరాబాద్‌లో వచ్చిన 79.48నే ఆంధ్రా పన్నులతో కట్టి చూద్దాం. 79.48కి సెస్సు రూపాయి కలిపితే 80.48. దాన్ని 1.31తో గుణిస్తే 105.43. నాలుగు కలిపితే 109.43. డిపో నుంచి దూరాన్ని బట్టి ఊరికీ ఊరికీ కొన్ని పైసలు అటూఇటూ అవుతాయి, కానీ విజయవాడ వైపు బోర్డు మీద చూసేది ఈ చుట్టుపక్కలే. రాష్ట్రానికి చేరేది రూ.29.95. తెలంగాణ శాతం 35.2, ఆంధ్ర శాతం 31. శాతాలు చూసి తెలంగాణలోనే బాదుడు ఎక్కువ అనుకుంటే పొరపాటు. ఈ ధర దగ్గర లీటరుకు రెండు రూపాయలు ఎక్కువ తీసుకుంటున్నది ఆంధ్రప్రదేశ్. వ్యాట్‌కు ముందు ధర లీటరుకు రూ.126 దాటితేనే తెలంగాణ పన్ను ఆంధ్రాను మించుతుంది.

ఇక్కడొక గుణపాఠం ఉంది. శాతంగా వేసే పన్ను ధరతో పాటు పెరుగుతుంది, ధరతో పాటు తరుగుతుంది. లీటరుకు ఇన్ని రూపాయలు అని వేసే పన్ను కదలదు. చమురు చవకైనప్పుడు ఖజానాను కాపాడేది స్థిర పన్ను. ఖరీదైనప్పుడు ఎవరూ ఏ నిర్ణయమూ తీసుకోకుండానే ఖజానాను నింపేది శాతం పన్ను. ఏ ప్రభుత్వమైనా ‘మేం పన్ను పెంచలేదు’ అన్నప్పుడు రేటు పెంచలేదనా, రాబడి పెరగలేదనా అని విడదీసి అడగాలి.

ఎక్సైజ్ లోపల నాలుగు పొరలు

రూ.21.90ని ఒకే ముద్దగా చూస్తే అసలు విషయం చేజారిపోతుంది. పెట్రోలు మీద ఆ మొత్తం ఇలా విడిపోతుంది: మూల ఎక్సైజ్ రూ.1.40, ప్రత్యేక అదనపు ఎక్సైజ్ రూ.13, వ్యవసాయ మౌలిక సదుపాయాల సెస్సు రూ.2.50, రోడ్డు మౌలిక సదుపాయాల సెస్సు రూ.5. డీజిల్‌కు వరసగా 1.80, 10, 4, 2 రూపాయలు.

రాజ్యాంగం 270వ అధికరణం ప్రకారం సెస్సులు, సర్‌చార్జీలు రాష్ట్రాలతో పంచుకునే మొత్తంలోకి రావు. ప్రత్యేక అదనపు ఎక్సైజ్ కూడా సర్‌చార్జీ కిందే లెక్క. అంటే పెట్రోలు మీది 21.90లో పంపకానికి వచ్చేది ఆ రూపాయి నలభై పైసలే. 15వ ఆర్థిక సంఘం సిఫార్సు ప్రకారం అందులో 41 శాతం, అంటే సుమారు 57 పైసలు, అన్ని రాష్ట్రాలకూ కలిపి. ఆ 57 పైసల్లో 2021-26 కాలానికి ఆంధ్రప్రదేశ్ వాటా 4.047 శాతం, తెలంగాణ వాటా 2.102 శాతం. దేశంలో ఎక్కడ లీటరు అమ్ముడైనా ఆంధ్రాకు రెండు పైసల పైచిలుకు, తెలంగాణకు పైసా పైచిలుకు చేరుతుందన్నమాట. ‘కేంద్రం వసూలు చేసినదాంట్లో 41 శాతం రాష్ట్రాలకే ఇస్తున్నాం’ అన్న మాట మొత్తం పన్నుల విషయంలో ఎలా ఉన్నా పెట్రోలు విషయంలో ఈ లెక్క ముందు నిలబడదు. ఎక్సైజ్ తగ్గింపు ప్రకటన వచ్చినప్పుడు కూడా ఏ పొరలో తగ్గించారో చూడండి. సెస్సులోనో ప్రత్యేక సుంకంలోనో తగ్గిస్తే వాటాగా వచ్చే నిధులు తగ్గవు. మూల ఎక్సైజ్‌లో తగ్గిస్తే రాష్ట్రాల వాటాకూ కోత పడుతుంది.

ఎక్సైజ్ ఎలా కదిలిందో తెలియడానికి కొన్ని మైలురాళ్లు చాలు. 2014 ఏప్రిల్‌లో పెట్రోలుకు రూ.9.48, డీజిల్‌కు రూ.3.56. 2020 మే 6 నాటికి రూ.32.98, రూ.31.83. 2021 నవంబరు 4న పెట్రోలు మీద 5, డీజిల్ మీద 10 రూపాయలు తగ్గించారు. 2022 మే 22న మరో 8, 6 రూపాయలు తగ్గించాక 19.90, 15.80 దగ్గర ఆగింది. 2025 ఏప్రిల్‌లో రెండింటి మీదా రెండేసి రూపాయలు పెంచారు.

ఆ చివరి పెంపును కొంచెం దగ్గరగా చూడాలి. సుంకం రెండు రూపాయలు పెరిగినా బంకు ధర మారలేదు. మరి ఆ రెండు రూపాయలు ఎక్కడి నుంచి వచ్చాయి? వ్యాట్‌కు ముందు ధర 79.48 అలాగే ఉంది, కాబట్టి రాష్ట్రానికి పైసా తగ్గలేదు, పెరగలేదు. డీలర్ కమిషన్ మారలేదు. తగ్గింది కంపెనీకి చేరే మొత్తమే. అంతకుముందు నెలల్లో ముడిచమురు దిగివచ్చి కంపెనీల మార్జిన్ పెరిగింది. అందులోంచి ఈ ముక్కను కేంద్రం తీసుకుంది. వినియోగదారుడికి ‘భారం పడలేదు’ అన్నది అంకెల పరంగా నిజమే. తగ్గాల్సిన ధర తగ్గకపోవడమూ అంతే నిజం.

ముడిచమురు వైపు నుంచి లెక్క

ఇప్పుడు రెండో కొస నుంచి రండి. ఒక బ్యారెల్ అంటే 42 అమెరికన్ గ్యాలన్లు, దాదాపు 159 లీటర్లు.

లీటరు ముడిచమురు = బ్యారెల్ ధర డాలర్లలో × రూపాయి మారకం ÷ 159

బాస్కెట్ 70 డాలర్లు, డాలరు 85 రూపాయలు అనుకుంటే 70 × 85 ÷ 159 = రూ.37.42. పైన కంపెనీకి చేరేది 53.18 అని తేలింది. మధ్యలో రూ.15 పైన తేడా కనిపిస్తుంది. అది మొత్తం లాభం అనుకోవడం ఈ లెక్కలో రెండో పెద్ద పొరపాటు. అందులో శుద్ధి ఖర్చు ఉంది, ఓడ కిరాయి, బీమా ఉన్నాయి, పైపులైను, ట్యాంకరు రవాణా ఉంది, కంపెనీ మార్కెటింగ్ ఖర్చూ లాభమూ ఉన్నాయి.

అంతకంటే ముఖ్యమైన సంగతి, మన దగ్గర పెట్రోలు ధరకు ఆధారం ముడిచమురు ధర కాదు, అంతర్జాతీయ మార్కెట్లో పెట్రోలు ధరే. 2006 నుంచి వాడుకలో ఉన్న సూత్రంలో 80 శాతం దిగుమతి ధర, 20 శాతం ఎగుమతి ధర కలుపుతారు. అంటే ఆ పెట్రోలును గల్ఫ్ నుంచి కొని తెస్తే ఎంత పడుతుంది, మన రేవు నుంచి అమ్మితే ఎంత వస్తుంది అన్న రెండింటి మిశ్రమం. దిగుమతి ధరలో 2.5 శాతం కస్టమ్స్ సుంకం కూడా కలుస్తుంది, సరుకు నిజంగా దిగుమతి కాకపోయినా. ఎక్కడో రిఫైనరీలు మూతపడో, యుద్ధం వల్లో డీజిల్ కొరత వస్తే ముడిచమురు కదలకుండానే డీజిల్ పెరుగుతుంది. ముడిచమురుకూ తయారైన సరుకుకూ మధ్య ఉండే ఈ తేడాను వ్యాపారంలో ‘క్రాక్’ అంటారు. బాస్కెట్ నిలకడగా ఉండి బంకు ధర మీద ఒత్తిడి పెరిగితే ముందు అనుమానించాల్సింది దీన్నే.

2022 తర్వాత రష్యా నుంచి రాయితీకి కొన్న చమురు బంకు ధరలో ఎందుకు కనబడలేదన్న ప్రశ్నకూ జవాబు ఇక్కడే దొరుకుతుంది. బాస్కెట్ సూచీలో ఉన్నవి ఒమన్, దుబాయ్, బ్రెంట్. బంకు ధరకు ఆధారం గల్ఫ్ పెట్రోలు ధర. రాయితీ ఈ రెండింటిలోనూ లేదు. అది రిఫైనరీ కొనుగోలు ఖాతాలో కనబడుతుంది. దాన్ని వినియోగదారుడికి దించాలంటే ఎవరో ఒకరు నిర్ణయం తీసుకోవాలి. సూత్రం తనంతట తాను దించదు.

ఒక డాలరు కదిలితే ఎంత?

నిత్యం పనికొచ్చే లెక్క ఇది. డాలరు 85 రూపాయల దగ్గర బ్యారెల్ ఒక డాలరు పెరిగితే లీటరుకు 85 ÷ 159 = 53 పైసలు. దాని మీద వ్యాట్ కలిస్తే హైదరాబాద్ బంకులో 53 × 1.352 = 72 పైసలు, ఆంధ్రాలో 70 పైసలు, 19.40 శాతం వ్యాట్ ఉన్న ఢిల్లీలో 64 పైసలు. బ్యారెల్ 70 డాలర్ల దగ్గర డాలరు రేటు ఒక రూపాయి పెరిగితే లీటరుకు 70 ÷ 159 = 44 పైసలు, హైదరాబాద్ బంకులో 60 పైసలు. అంటే చమురు కదలకపోయినా రూపాయి అయిదు రూపాయలు బలహీనపడితే లీటరుకు మూడు రూపాయల భారం సిద్ధమైనట్టే.

ఎక్సైజ్ మార్పుకూ ఇదే గుణకం. ఎక్సైజ్ ఒక రూపాయి తగ్గించి, ఆ తగ్గింపును కంపెనీ పూర్తిగా కిందికి వదిలితే హైదరాబాద్‌లో బంకు ధర రూ.1.35 తగ్గాలి, ఆంధ్రాలో రూ.1.31. అందులో 35 పైసలు తెలంగాణ ఖజానా కోల్పోయేవి. కేంద్రం తగ్గించినప్పుడల్లా వ్యాట్ రేటు ముట్టుకోని రాష్ట్రం కూడా కొంత కోల్పోతుందన్న మాట నిజం. కేంద్రం పెంచినప్పుడు అదే రాష్ట్రం కొంత సంపాదిస్తుందన్నదీ నిజమే.

చమురు పడినా ధర పడనప్పుడు

కాగితం మీద పెట్రోలు ధర 2010 జూన్‌లో, డీజిల్ ధర 2014 అక్టోబరులో ప్రభుత్వ నియంత్రణ నుంచి బయటపడ్డాయి. 2017 జూన్ 16 నుంచి దేశమంతటా రోజూ ఉదయం ఆరింటికి ధర మారే పద్ధతి వచ్చింది. ఆచరణలో మాత్రం 2021 నవంబరు నుంచి 2022 మార్చి దాకా 137 రోజులు ధర కదల్లేదు. 2022 మే తర్వాత మళ్లీ ఆగి, 2024 మార్చిలో రెండు రూపాయలు తగ్గించేదాకా అలాగే ఉంది. కాబట్టి పై సూత్రంతో వచ్చిన ధరను ‘ఉండాల్సిన ధర’గా చూడాలి, రేపటి బోర్డు మీద వచ్చే ధరగా కాదు. ఆ రెండింటి తేడా కంపెనీల నష్టంగానో లాభంగానో పోగవుతుంటుంది. ధర ఆగిన కాలంలో ముందు నష్టం, తర్వాత దాన్ని పూడ్చుకునే లాభం వస్తాయి. అందుకే ఏదో ఒక నెల లాభాన్ని పట్టుకుని దోపిడీ అనడం, ఏదో ఒక నెల నష్టాన్ని పట్టుకుని జాలిపడటం రెండూ తొందరపాటే. కనీసం రెండేళ్లు కలిపి చూడాలి.

ధరను ఆపడం ఉచితంగా అయ్యే పని కాదు. 2005-06 నుంచి 2009-10 దాకా ధరను అణిచిపెట్టినందుకు కంపెనీలకు నగదు బదులు దాదాపు రూ.1.34 లక్షల కోట్ల చమురు బాండ్లు, అంటే ప్రభుత్వ అప్పు పత్రాలు ఇచ్చారు. వాటి వడ్డీ, అసలు చెల్లింపులు 2025-26 దాకా సాగాయి. అప్పటి స్కూటరు నడిపినవాళ్ల పెట్రోలు బిల్లును ఇప్పటి పన్ను చెల్లింపుదారులు కట్టారు. ఇప్పటి పన్నులన్నీ ఆ బాండ్లు తీర్చడానికే అన్న వాదన మాత్రం అంకెల ముందు నిలవదు, ఎందుకంటే ఒక్క 2020-21లోనే చమురు మీద కేంద్ర ఎక్సైజ్ రాబడి దాదాపు రూ.3.73 లక్షల కోట్లు.

2020 వసంతాన్ని ఈ పద్ధతితో ఒకసారి విప్పి చూడటం మంచి సాధన. బాస్కెట్ జనవరిలో 64 డాలర్లు, ఏప్రిల్‌లో 20 కంటే తక్కువ. మారకం మార్పు కలుపుకుంటే లీటరు ముడిచమురు సుమారు రూ.29 నుంచి రూ.9.50కి పడింది. దిగిరావాల్సింది దాదాపు 19 రూపాయలు. అదే కాలంలో మార్చి 14న, మే 6న కలిపి పెట్రోలు మీద ఎక్సైజ్ 13 రూపాయలు, డీజిల్ మీద 16 రూపాయలు పెరిగింది. తగ్గింపు ఎక్కడికి పోయిందో వెతుక్కోనక్కర్లేదు.

వాదనలను పరీక్షించే లెక్కలు

‘పన్ను 46 శాతమే’ అని ఒకరు, ‘87 శాతం బాదుతున్నారు’ అని ఇంకొకరు అంటే ఇద్దరూ అబద్ధమాడుతున్నట్టు కాదు. హైదరాబాద్ పెట్రోలులో రెండు పన్నులూ కలిపి 21.90 + 27.98 = 49.88. దాన్ని బోర్డు ధరతో భాగిస్తే 46.4 శాతం. పన్నుకు ముందు ధర 57.58తో భాగిస్తే 86.6 శాతం. అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: దేనిలో శాతం? ఇతర వస్తువుల జీఎస్టీతో పోల్చాలంటే రెండో అంకె వాడాలి, ఎందుకంటే జీఎస్టీ రేటు కూడా పన్నుకు ముందు ధర మీదే చెబుతారు.

జీఎస్టీలోకి తెస్తే ఎంత తగ్గుతుందన్నది అందరి నోటా వినిపించే ప్రశ్న. పెట్రోలు, డీజిల్, ముడిచమురు, విమాన ఇంధనం, సహజ వాయువు అయిదూ జీఎస్టీకి బయట ఉన్నాయి. ఎప్పటి నుంచి లోపలికి తేవాలో జీఎస్టీ మండలి సిఫార్సు చేయాలని 279ఎ అధికరణం చెబుతుంది. 57.58 మీద అత్యధిక రేటు 40 శాతం వేసి చూడండి: 80.61. బంకులో దాదాపు 27 రూపాయలు తగ్గుతుంది. వినడానికి బాగుంటుంది. కానీ పన్ను 49.88 నుంచి 23.03కి పడుతుంది. అందులో రాష్ట్రానికి నేరుగా వచ్చేది సగం, అంటే రూ.11.52. ఇప్పుడు వస్తున్నది రూ.27.98. ఎవరి రాబడీ తగ్గకుండా తేవాలంటే జీఎస్టీ రేటు 86.6 శాతం పెట్టాలి. అలాంటి శ్లాబు లేదు. జీఎస్టీతో పాటు పొగాకు మీద వేసినట్టు ఎక్సైజ్ కూడా వేసుకునే అధికారం కేంద్రానికి ఉంది కాబట్టి జీఎస్టీలోకి తెచ్చారంటే ధర తగ్గుతుందన్న హామీ కూడా లేదు. ఈ మార్పు నిజంగా మేలు చేసేది డీజిల్ విషయంలో. ఇప్పుడు లారీ యజమాని డీజిల్ మీద కట్టిన పన్నుకు ఇన్‌పుట్ క్రెడిట్ (కొనుగోలు మీద కట్టిన పన్నును తాను కట్టాల్సిన పన్నులోంచి తగ్గించుకోవడం) రాదు, అది సరుకు కిరాయిలో, అక్కడి నుంచి బియ్యం, కూరగాయల ధరలో కలిసిపోతుంది. జీఎస్టీ అయితే క్రెడిట్‌కు వీలుంటుంది. పెట్రోలును పక్కనపెట్టి డీజిల్ గురించి ముందు మాట్లాడటమే సబబు.

ఈ20, అంటే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు లెక్క సొంత బండి మీద చేసుకోవచ్చు. లీటరు పెట్రోలులో సుమారు 32 మెగాజౌళ్ల శక్తి ఉంటే ఇథనాల్‌లో 21 ఉంటుంది. 20 శాతం కలిపితే లీటరుకు 29.8, కలపని పెట్రోలు కంటే దాదాపు 7 శాతం తక్కువ. పది శాతం మిశ్రమంతో పోలిస్తే మూడున్నర శాతం తక్కువ. 2021లో నీతి ఆయోగ్ వెలువరించిన ఇథనాల్ ప్రణాళిక కూడా ఈ20కి సరిచేయని నాలుగు చక్రాల బండ్లలో 6-7 శాతం, ద్విచక్ర వాహనాల్లో 3-4 శాతం మైలేజీ తగ్గొచ్చని అంచనా వేసింది. లీటరుకు 45 కిలోమీటర్లు ఇచ్చే బైకు 4 శాతం కోల్పోతే 43.2. కిలోమీటరు ఖర్చు రూ.2.39 నుంచి రూ.2.49కి పెరుగుతుంది. ఒక ట్యాంకుతో తేల్చకండి. టైర్లలో గాలి, ఎండ, ట్రాఫిక్ ఇంతకంటే ఎక్కువ తేడా తెస్తాయి. ఒకే దారిలో, ఒకే బంకులో, ట్యాంకు నిండుగా కొట్టించి, మళ్లీ నిండుగా కొట్టించే పద్ధతిలో కనీసం అయిదారు సార్లు రాసుకుంటేనే సగటుకు అర్థం ఉంటుంది. విదేశీ మారకం ఆదా, చెరకు, మొక్కజొన్న రైతుకు గిరాకీ వంటివి దేశం ఖాతాలో లాభాలు. మైలేజీ నష్టం బండి యజమాని ఖాతాలో పడుతోంది. మిశ్రమం ధర ఆ మేరకు తగ్గించాలన్న డిమాండు న్యాయమైనదే.

నిల్వల గురించి ‘ఇన్ని రోజులకు సరిపోతుంది’ అన్న మాట విన్నప్పుడు కూడా హారం అడగాలి. విశాఖపట్నంలో 13.3 లక్షల టన్నులు, మంగళూరులో 15 లక్షలు, పాదూరులో 25 లక్షలు, మొత్తం 53.3 లక్షల టన్నుల ముడిచమురు పట్టే భూగర్భ గుహలు ఉన్నాయి. టన్నుకు 7.33 బ్యారెళ్ల చొప్పున సుమారు 3.9 కోట్ల బ్యారెళ్లు. మన రిఫైనరీలు రోజుకు 50 లక్షల బ్యారెళ్లకు పైగా శుద్ధి చేస్తాయి. నిండుగా ఉంటే ఎనిమిది రోజుల కంటే తక్కువ. అధికారికంగా చెప్పే తొమ్మిదిన్నర రోజులు 2019-20 నాటి వాడకం మీద కట్టిన లెక్క. వాడకం పెరిగేకొద్దీ అదే గుహ తక్కువ రోజులు వస్తుంది. విశాఖ గుహ ఒక్కటే అయితే రెండు రోజులు. పైగా ఇది నిల్వ సామర్థ్యం, ఆ రోజు అందులో ఉన్న చమురు కాదు.

ఇదంతా ఒక షీటులో పెట్టుకుంటే ప్రతిసారీ మొదటి నుంచి చేయనక్కర్లేదు. పై గళ్లలో ఆరు అంకెలు: బంకు ధర, వ్యాట్ శాతం, స్థిర వ్యాట్, సెస్సు, ఎక్సైజ్, డీలర్ కమిషన్. తెలంగాణకు స్థిర వ్యాట్, సెస్సు గళ్లలో సున్నా పెట్టండి. కింద గడిలో సూత్రం: (బంకు ధర − స్థిర వ్యాట్) ÷ (1 + వ్యాట్) − సెస్సు. దాంట్లోంచి ఎక్సైజ్, కమిషన్ తీసేయాలి. వ్యాట్‌ను 35.2 అని కాక 0.352 అని రాయాలి, లేకపోతే ధర మూడు రూపాయల లోపు చూపిస్తుంది. పక్క నిలువు వరుసలో బాస్కెట్, మారకం రేటు పెట్టి లీటరు ముడిచమురు విలువ తీయండి. ఈ రెండింటి తేడాను నెలకోసారి, ఒక్క రోజు ధరతో కాక పీపీఏసీ ఇచ్చే నెల సగటుతో, తేదీ వేసి రాసుకోండి. ఎక్సైజ్, వ్యాట్ నోటిఫికేషన్ వచ్చిన రోజు పాత వరుసను చెరపకుండా కొత్త వరుస మొదలుపెట్టండి. ధర కదలని నెలల్లో ఆ తేడా పెరిగితే కంపెనీకి మార్జిన్ పెరుగుతోందని, తరిగితే తదుపరి పెంపు దగ్గరపడుతోందని ముందే తెలుస్తుంది.